లిచ్ కింగ్, 10 మంది నార్మల్: రెండో ఫేజ్‌లో డిఫైల్ దగ్గరే ఆగిపోతున్నాం, సలహా కావాలి

మంచుదారి | 17 డిసెంబర్ 2023, తెల్లవారుజామున 4:05

అందరికీ నమస్కారం. ఇప్పుడే రైడ్ (జట్టంతా కలిసి బాస్‌ల మీద చేసే పోరు) ముగిసింది, నిద్ర పట్టక రాస్తున్నాను. మాది పది మంది తెలుగు జట్టు. ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ క్లాసిక్, యూరప్ సర్వర్. హైదరాబాదులో నలుగురం, రాజమండ్రిలో ఒకరు, కడపలో ఒకరు, మిగతావాళ్ళు దుబాయ్, డల్లాస్, మెల్‌బోర్న్. శనివారం రాత్రి 12కి మొదలుపెడతాం. అక్కడ సర్వర్ గడియారంలో సాయంత్రం 7:30, డల్లాస్ వాళ్ళకు మధ్యాహ్నం 12:30, మెల్‌బోర్న్ వాళ్ళకు ఆదివారం పొద్దున 5:30. అందరికీ కుదిరేది ఆ ఒక్క సమయమే.

ఐస్‌క్రౌన్‌లో కింది 11 బాస్‌లను శుక్రవారమే దించేస్తున్నాం. శనివారం మొత్తం చివరి బాస్ లిచ్ కింగ్‌కే. మూడు శనివారాల్లో 34 వైప్‌లు (జట్టంతా చనిపోవడం) అయ్యాయి. మొదటి ఫేజ్ పదిసార్లలో ఎనిమిదిసార్లు బాగానే దాటుతున్నాం. బాస్ ప్రాణం 70 శాతం దగ్గర వచ్చే మంచు దశ కూడా ఫర్వాలేదు. రెండో ఫేజ్‌లో 60 నుంచి 50 శాతం మధ్య డిఫైల్ (బాస్ నేల మీద వేసే నల్ల మడుగు) పడుతుంది, చూస్తుండగానే సగం వేదికంత అవుతుంది, అంతే. ఇంతవరకు మా బెస్ట్ 43 శాతం.

డ్యామేజ్ సరిపోతోంది, గేర్ కూడా ఉంది. ఎక్కడ తప్పుతున్నామో బయటి కంటితో ఎవరైనా చెబితే మేలు. నేను వారియర్ ట్యాంక్‌ని (బాస్ దెబ్బలు కాచేవాడిని), రైడ్ లీడర్‌ని కూడా. నవంబరులోనే కాటాక్లిజం క్లాసిక్ ప్రకటించారు. అది వచ్చేలోపు ఈయన్ని దించాలని మా అందరి పట్టుదల.


పాతకాపు | 17 డిసెంబర్, ఉదయం 9:20

తమ్ముడూ, 2010లో ఈ బాస్ మీద మా జట్టు రెండు నెలలు కూర్చుంది. అప్పుడు నేర్చుకున్నది చెబుతాను.

డిఫైల్ గురించి అందరికీ తెలిసిన మాట "కింద నల్లగా కనిపిస్తే బయటికి రా" అని. అది సగం నిజమే. ఆ మడుగు తనంతట తాను పెరగదు. లోపల ఉన్న మనిషికి దెబ్బ తగిలిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. ఇద్దరు లోపల ఉంటే రెట్టింపు వేగంతో పెరుగుతుంది. పెరిగి పక్కవాడి కాళ్ళ కిందికి వస్తుంది, వాడికీ దెబ్బ, మళ్ళీ పెరుగుతుంది. అంటే చంపేది మొదటి దెబ్బ కాదు, మొదటి ఇద్దరు ముగ్గురి ఆలస్యం.

కాస్టింగ్ (ఆ మంత్రం వేయడానికి పట్టే సమయం) 2 సెకన్లు. ఎవరో ఒకరిని ఎంచుకుంటాడు, కాస్ట్ పూర్తయినప్పుడు వాళ్ళు ఎక్కడ ఉంటే అక్కడ పడుతుంది. ఆ 2 సెకన్లలో మీ పది మందీ ఏం చేస్తున్నారో వీడియో ఉందా? లాగ్స్ (పోరులో జరిగిన ప్రతిదాని రికార్డు) ఉంటే, ప్రతి వైప్‌లో డిఫైల్ మొదట ఎవరికి తగిలిందో ఒక కాగితం మీద రాయండి. చివర పోయినవాడిని పట్టించుకోవద్దు. మొదటివాడి పేరే కావాలి.


ఓరుగల్లు_ప్రీస్ట్ | 17 డిసెంబర్, ఉదయం 10:45

నేను మంచుదారి జట్టులో డిసిప్లిన్ ప్రీస్ట్‌ని, అంటే హీలర్‌ని. హీలర్ వైపు నుంచి నా మాట కూడా చెబుతాను. డిఫైల్‌కి అందరూ తలో దిక్కుకు పరిగెత్తిన వెంటనే ఇన్‌ఫెస్ట్ వచ్చి పడుతోంది. ఇన్‌ఫెస్ట్ అంటే తెలియనివాళ్ళ కోసం: అందరికీ ఒక దెబ్బ, ఆ తర్వాత లోపల్లోపల తినేస్తూ పోతుంది. హెల్త్ 90 శాతం దాటేదాకా ఆగదు, పైగా సెకను సెకనుకూ పెరుగుతుంది. షీల్డ్‌లు ముందే వేస్తున్నాను. కానీ మా హంటర్, మేజ్ ఇద్దరూ నాకు అందనంత దూరం వెళ్ళిపోతున్నారు. డిఫైల్ నుంచి తప్పించుకుని ఇన్‌ఫెస్ట్‌కి పోతున్నారు. నిన్న రాత్రి రెండు వైప్‌లు అచ్చంగా అలాగే అయ్యాయి.


మంచుదారి | 17 డిసెంబర్, సాయంత్రం 6:30

పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే మధ్యాహ్నమంతా కూర్చుని లాగ్స్ తిరగేశాను. రెండో ఫేజ్‌లో జరిగిన 21 వైప్‌లు తీసుకున్నాను. డిఫైల్ మొదటి దెబ్బ 9 సార్లు మా హంటర్‌కి, 6 సార్లు మేజ్‌కి, మిగతా 6 తలా ఒకటి.

హంటర్‌ది పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్ళి రావడానికి పట్టే సమయం) సమస్య, అది మాకు ముందే తెలుసు. మేజ్‌ది అర్థం కావడం లేదు. డల్లాస్‌లో మంచి కనెక్షన్ ఉంది, ఆట బాగా వచ్చు.


పాతకాపు | 17 డిసెంబర్, సాయంత్రం 7:10

సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. 21లో 9 అంటే చిన్న సంఖ్య కాదు. లిచ్ కింగ్ పడేదాకా హంటర్‌ని పక్కన కూర్చోబెట్టి వేరే మనిషిని తీసుకోండి. ఒకసారి దించాక తిరిగి పిలుచుకోవచ్చు. మేం అప్పట్లో అదే చేశాం.


నిశిరాత్రి | 17 డిసెంబర్, రాత్రి 8:55

నేను ఒప్పుకోను అన్నా. పది మంది రైడ్ అంటే పది మంది స్నేహితులు. మొదటి బాస్ మారోగార్ నుంచి సింద్రగోసా దాకా మోసుకొచ్చిన మనిషిని చివరి మెట్టు మీద దించేస్తే, ఆ తర్వాత గెలిచింది ఎవరు? నేనూ 2010లో ఆడాను, ఇప్పుడు మెల్‌బోర్న్ నుంచి పాలడిన్‌గా ఇదే జట్టులో ఆడుతున్నాను. అప్పట్లో నా పింగ్ 400 పైనే. ఆ పింగ్‌తోనే ఈ బాస్ చనిపోయాడు.

కిటుకు ఏమిటంటే, పింగ్ ఎక్కువ ఉన్నవాళ్ళు నేల చూసి కదలకూడదు. మీ తెర మీద మడుగు కనిపించేసరికే సర్వర్ దగ్గర అది పడి అర సెకను అయిపోతుంది. బాస్ చెయ్యి ఎత్తడం చూసి కదిలినా ఆలస్యమే. టైమర్ చూసి కదలాలి. టైమర్‌లు చూపించే డెడ్లీ బాస్ మాడ్స్‌లో డిఫైల్ బార్ ఇంకా 3 సెకన్లు ఉందనగానే, ఎవరి మీద పడుతుందో తెలియకముందే, మీ చోటికి నడవడం మొదలుపెట్టాలి. రెండు మూడు షాట్‌లు పోతాయి. పోనీ. చనిపోయినవాడు ఒక్క షాట్ కూడా కొట్టలేడు.

రెండోది, "చెదిరిపోండి" అని అరిస్తే చాలదు. ఎటు చెదరాలో ముందే రాసిపెట్టుకోవాలి. సింహాసనం ఉన్న వైపు గడియారంలో 12 అనుకోండి. హంటర్ 6, మేజ్ 4, ప్రీస్ట్ 5, వార్లాక్ 8, ఇలా. ప్రీస్ట్ హంటర్, మేజ్ ఇద్దరికీ మధ్యలో ఉంటే ఇన్‌ఫెస్ట్ బాధ కూడా తీరుతుంది.


గోదారి_వేటగాడు | 17 డిసెంబర్, రాత్రి 11:30

ఆ హంటర్‌ని నేనే. అన్నీ చదివాను. పాతకాపు అన్న మాటలో తప్పు లేదు. నా వల్ల తొమ్మిది మంది రాత్రి నాలుగింటిదాకా మేలుకుంటున్నారంటే నాకే కష్టంగా ఉంది. కావాలంటే తప్పుకుంటాను, మనసులో ఏమీ పెట్టుకోను.

నా పరిస్థితి ఇది. మామూలుగా పింగ్ 190. రాత్రి 12 దాటాక ఉన్నట్టుండి 600, 700కి ఎగిరి మళ్ళీ దిగుతుంది. నెట్ కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ రౌటర్ ఆపి మళ్ళీ పెట్టమనే చెబుతున్నారు. రౌటర్ కింద హాల్లో ఉంది, నేను ఆడేది మేడ మీద గదిలో.


నిశిరాత్రి | 17 డిసెంబర్, రాత్రి 11:50

తమ్ముడూ, వైఫై మీద ఆడుతున్నావా? ముందు ఆ సంగతి చెప్పు.


గోదారి_వేటగాడు | 18 డిసెంబర్, ఉదయం 7:15

అవునక్కా, వైఫైనే. కేబుల్ గోడకు కొడితే ఇల్లు పాడవుతుందని నాన్నగారు ఒప్పుకోరు.


మంచుదారి | 18 డిసెంబర్, ఉదయం 8:00

ఎవరూ తప్పుకోవడం లేదు. ఇది తేల్చేసిన మాట. కేబుల్ గురించి నాన్నగారితో నేను మాట్లాడతాను, నా మాట వింటారు.


డల్లాస్_మేజ్ | 18 డిసెంబర్, ఉదయం 9:40

లాగ్స్‌లో నా పేరు ఆరుసార్లు చూసి మనసు ఊరుకోలేదు. నా రికార్డింగ్‌లు మళ్ళీ చూశాను. మంచుదారి అన్న పంపిన వీడియో పక్కన నాది పెట్టి ఒకే పుల్‌ని (బాస్ మీద ఒక ప్రయత్నాన్ని) ఆపి ఆపి చూశాను. అన్న తెర మీద డిఫైల్ నల్లటి వలయంలా స్పష్టంగా ఉంది. నా తెర మీద నేల మామూలుగానే ఉంది, సన్నటి పొగ మాత్రమే. వలయం అంచు అసలు లేదు!

కారణం దొరికింది. పాత లాప్‌టాప్‌లో ఆట ఆగిపోతోందని రెండు నెలల కింద గ్రాఫిక్స్ అన్నీ తగ్గించాను. అప్పుడు ప్రొజెక్టెడ్ టెక్స్చర్స్ అనే దాన్ని కూడా ఆపేశాను. నేల మీద పడే గుర్తులు కనిపించాలంటే అది ఆన్‌లో ఉండాలి. ఇన్నాళ్ళూ డిఫైల్ అంచు ఎక్కడో ఊహించుకుని ఆడాను. ఇప్పుడు ఆన్ చేశాను, నీడలు పూర్తిగా ఆపేసి ఫ్రేమ్‌లు సరిచేసుకున్నాను.

జట్టు అందరికీ క్షమాపణలు. దయచేసి ప్రతి ఒక్కరూ మీ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.


పాతకాపు | 18 డిసెంబర్, ఉదయం 11:05

ఇది చాలా పనికొచ్చే విషయం బాబూ. నీకు ఆరు వైప్‌లు పట్టాయి గానీ, ఇది చదివే ఎంతమందికో ఆ అవసరం ఉండదు.


కొత్తగొంతు | 18 డిసెంబర్, మధ్యాహ్నం 2:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా జట్టు వచ్చే వారమే లిచ్ కింగ్ దగ్గరికి వెళ్తోంది. మొదటి ఫేజ్ "బాగానే దాటుతున్నాం" అన్నారు కదా, దాన్ని కొంచెం విడమర్చి చెబుతారా? ప్లేగ్ గురించి ఎన్నిసార్లు చదివినా తికమకగానే ఉంది.


మంచుదారి | 18 డిసెంబర్, సాయంత్రం 5:45

తప్పకుండా. నెక్రోటిక్ ప్లేగ్‌ని రోగంలా కాదు, మన చేతికి వచ్చిన ఆయుధంలా చూడండి, అప్పుడు తికమక పోతుంది.

మొదటి ఫేజ్‌లో రెండు రకాల యాడ్స్ (బాస్‌కి తోడు వచ్చే శత్రువులు) వస్తాయి. చిన్న గూల్స్, పెద్ద షాంబ్లింగ్ హారర్. హారర్‌కి ప్రాణం చాలా ఎక్కువ, దాన్ని కొట్టి చంపాలంటే సమయమంతా దానికే పోతుంది. మధ్యలో బాస్ మనలో ఒకరికి ప్లేగ్ అంటిస్తాడు. 10 నార్మల్‌లో 5 సెకన్లకోసారి 50 వేలు పోతుంది, అంటే మొదటి దెబ్బకే ప్రాణం పోతుంది. దాన్ని డిస్పెల్ చేస్తే (స్పెల్‌తో తీసేస్తే) మాయమవదు, దగ్గర్లో ఉన్న వేరే ప్రాణి మీదికి దూకుతుంది. మనిషైనా సరే, హారర్ అయినా సరే.

కాబట్టి ప్లేగ్ తగిలినవాళ్ళు వెంటనే రెండో ట్యాంక్ దగ్గరికి, అంటే యాడ్స్ గుంపు దగ్గరికి పరిగెత్తాలి. అక్కడికి చేరాకే, ముందు కాదు, డిస్పెల్. అప్పుడు ప్లేగ్ హారర్ మీదికి దూకుతుంది. హారర్ చచ్చాక పక్కనున్న దాని మీదికి వెళ్తుంది. దూకిన కొద్దీ బలం పెరుగుతుంది. బాస్‌కీ కొంత బలం పెరుగుతుంది గానీ, యాడ్స్ అన్నీ వాటంతటవే రాలిపోతాయి.

హారర్‌ని మన వైపు తిప్పకూడదు, ముందుకు షాక్‌వేవ్ కొట్టి అందరినీ పడేస్తుంది. కోపం వస్తే హంటర్ ట్రాంక్విలైజింగ్ షాట్ వేయాలి. మా గోదారి తమ్ముడు 34 పుల్స్‌లో అది ఒక్కసారి కూడా తప్పలేదు. పక్కన పెట్టమన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సంగతే.


కడప_షామన్ | 18 డిసెంబర్, రాత్రి 7:30

కొత్తగొంతు గారికి ఒక హెచ్చరిక. మీ జట్టులో షామన్ ఉంటే మొదటి ఫేజ్‌లో క్లెన్సింగ్ టోటెమ్ పెట్టవద్దని ముందే చెప్పండి.

అంతకుముందు బాస్ పుట్రిసైడ్ దగ్గరి నుంచి ఆ టోటెమ్ నా బార్‌లో అలాగే ఉండిపోయింది. నాలుగు టోటెమ్‌లూ ఒకే బటన్‌తో పడతాయి కదా, చూసుకోలేదు. అది రోగాలను దానంతట అదే తీసేస్తుంది. వార్లాక్‌కి ప్లేగ్ వచ్చి ఇంకా మా మధ్యలోనే ఉండగా టోటెమ్ డిస్పెల్ చేసేసింది. ప్లేగ్ ప్రీస్ట్ మీదికి దూకింది. అక్కడి నుంచి మళ్ళీ నా మీదికి. ఇద్దరు హీలర్లం పది సెకన్లలో పోయాం. ఎవరు డిస్పెల్ చేశారని వాయిస్ చాట్‌లో అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు, ఎవరికీ తెలియదు. మూడు పుల్స్ అలాగే పోయాక గానీ నాకు వెలగలేదు. అప్పటి నుంచి డిస్పెల్ ఒక్కరిదే. నిశిరాత్రి అక్క తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టం.


కొత్తగొంతు | 18 డిసెంబర్, రాత్రి 9:00

ఆయుధం అన్నాక ఒక్కసారిగా అర్థమైంది అన్నా. చాలా థాంక్స్. మంచు దశలో ఏం చేయాలి?


నిశిరాత్రి | 18 డిసెంబర్, రాత్రి 9:40

అది ఒక నిమిషం పని. 70 దగ్గర ఒకసారి, 40 దగ్గర ఒకసారి వస్తుంది. బాస్ మధ్యలో నిలబడి రిమోర్స్‌లెస్ వింటర్ మొదలుపెడతాడు, దగ్గరుంటే పోతాం, అందరం వేదిక అంచుకి వెళ్ళాలి. రేజింగ్ స్పిరిట్‌లు వస్తాయి. వాటిని ట్యాంక్ పట్టుకుని బయటికి తిప్పాలి, ముందు నిలబడితే నోరు కట్టేస్తాయి. తేలుతూ వచ్చే మంచు గోళాలను దూరం నుంచే కొట్టాలి, తగిలితే కిందికి తోసేస్తాయి. చివర్లో క్వేక్ అంటాడు. అప్పుడు బయటి అంచు మొత్తం విరిగిపడుతుంది, లోపలికి పరిగెత్తండి. ఇక్కడ పోయేవాళ్ళు ఎక్కువగా స్పిరిట్‌ని ఇంకో రెండు దెబ్బలు కొడదామని ఆగినవాళ్ళే.


పాతకాపు | 19 డిసెంబర్, ఉదయం 10:10

మంచుదారీ, డిఫైల్ ఒక్కటే అయితే మీరు ఈపాటికి దాటేవారు. వాల్కిర్ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. రెండో ఫేజ్ అసలు చిక్కు ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి రావడమే.

వాల్కిర్ వస్తుంది, ఒకరిని ఎత్తుకుంటుంది, అంచు దాటించి వదిలేస్తుంది. 25 మందిలో మూడు వస్తాయి, మీకు ఒక్కటే. చెదిరి ఉంటే అంచుకు దగ్గరగా ఉన్నవాళ్ళని పట్టినప్పుడు దాన్ని చంపడానికి సమయమే దొరకదు. అందుకని వాల్కిర్‌కి మధ్యలో గుంపుగా ఉండాలి. డిఫైల్‌కి దూరంగా ఉండాలి. గుంపుగా ఉన్నప్పుడు డిఫైల్ పడితే నువ్వు చెప్పిన సగం వేదిక మడుగు అదే.


మంచుదారి | 19 డిసెంబర్, మధ్యాహ్నం 1:30

అన్నా, మీరు పట్టేశారు. ఇప్పుడు మళ్ళీ చూస్తే 21 వైప్‌లలో 13 సార్లు వాల్కిర్ వచ్చిన పది సెకన్లలోపే డిఫైల్ పడింది. అందరూ వాల్కిర్ వెనక పరిగెడుతున్నారు, టైమర్ ఎవరూ చూడటం లేదు. నేను కూడా.


నిశిరాత్రి | 19 డిసెంబర్, సాయంత్రం 4:15

అయితే ఇలా చేద్దాం. శనివారానికి నా ప్రతిపాదన.

వాల్కిర్ రావడానికి 5 సెకన్ల ముందు అందరం మధ్యలోకి. ఎత్తుకోగానే మొదటి స్టన్ (కదలకుండా ఆపే దెబ్బ) నాది, హ్యామర్ ఆఫ్ జస్టిస్. అది తీరగానే రోగ్ కిడ్నీ షాట్. ఇద్దరం ఒకేసారి వేస్తే ఒకటి వృథా. స్లో బాధ్యత మేజ్, షామన్‌లది.

డిఫైల్ బార్ 5 సెకన్ల లోపు ఉంటే మాత్రం వాల్కిర్‌ని కొట్టేది నలుగురే: నేను, రోగ్, మేజ్, వార్లాక్. మిగతావాళ్ళు వాల్కిర్ వైపు చూడనే కూడదు, గడియారంలో తమ అంకె దగ్గరికి వెళ్ళిపోవాలి. గోదారి తమ్ముడు అందరికంటే ముందు కదలాలి.

ఇంకొకటి. పిలిచే గొంతు ఒక్కటే ఉండాలి. ఇప్పుడు వాయిస్ చాట్‌లో నలుగురు ఒకేసారి "డిఫైల్ డిఫైల్" అంటున్నారు, అందులో మన పేరు వినపడదు. మంచుదారి ట్యాంకింగ్, సోల్ రీపర్ దెబ్బకు ట్యాంక్‌ల మార్పిడి చూసుకుంటూ ఇది కూడా పిలవడం కష్టం. ఓరుగల్లు పిలిస్తే బాగుంటుంది, అందరి హెల్త్ బార్‌లూ ఎలాగూ తనే చూస్తున్నాడు.


ఓరుగల్లు_ప్రీస్ట్ | 19 డిసెంబర్, రాత్రి 10:20

సరే అక్కా, నేను పిలుస్తాను. మూడే మాటలు వాడతాను: "గుంపు", "అంకెలు", ఆ తర్వాత డిఫైల్ ఎవరి మీదో వాళ్ళ పేరు. తెలుగులోనే. ఇంకేమీ మాట్లాడను.


గోదారి_వేటగాడు | 22 డిసెంబర్, సాయంత్రం 6:50

కేబుల్ వచ్చింది! 25 మీటర్లది కొన్నాను. గోడకు మేకు కొట్టకుండా హాలు కిటికీలోంచి బయటికి తీసి, పిట్టగోడ మీదుగా నా గది కిటికీలోకి లాగాను. నాన్నగారే కింద నిలబడి అందించారు. పింగ్ ఇప్పుడు 175 దగ్గర నిలకడగా ఉంది. నిన్న రాత్రి 12 నుంచి 2 దాకా చూశాను, ఒక్కసారి కూడా 220 దాటలేదు. ఇన్నాళ్ళూ తప్పు నెట్ కంపెనీదే అనుకున్నాను, నాకు వచ్చిన ఆ ఎగుడుదిగుళ్ళలో ఎక్కువ భాగం మా మేడ గోడలవే.


మంచుదారి | 24 డిసెంబర్, తెల్లవారుజామున 4:30

11 పుల్స్. బెస్ట్ 17 శాతం! రెండో ఫేజ్ ఏడుసార్లు దాటాం. ఓరుగల్లు గొంతు ఒక్కటే వినిపిస్తుంటే, వైప్ అవుతున్నా టెన్షన్ లేదు. డిఫైల్ ఒక్కసారి కూడా ఒక మనిషి వెడల్పు దాటి పెరగలేదు, ఒక్క పుల్‌లో తప్ప. అందులో తప్పు నాది, బాస్‌ని మడుగు మీదికి లాగాను.

ఇప్పుడు మూడో ఫేజ్‌లో చస్తున్నాం. పైన గాలిలో పది వైల్ స్పిరిట్స్ పుడతాయి, కాసేపటికి దిగి మన మీద పేలతాయి. మీరు ఎలా దాటారు?


పాతకాపు | 24 డిసెంబర్, ఉదయం 11:40

శభాష్! స్పిరిట్స్ పుట్టిన చోటు నుంచి జట్టంతా ఎదురు వైపుకు జరగండి. రెండో ట్యాంక్ మాత్రం వాటికి ఎదురెళ్ళి, ఒక్కొక్కటిగా తన మీద పేలనివ్వాలి, హీలర్ ఒకరు పూర్తిగా ఆయన మీదే. దూరం నుంచి కొట్టేవాళ్ళు దిగుతున్నప్పుడే కొన్నింటిని చంపాలి. ఈ ఫేజ్‌లో వాల్కిర్ రాదు, గుంపు కట్టే అవసరం లేదు. డిఫైల్‌కి మీ అంకెలు మీకు ఉండనే ఉన్నాయి.

హార్వెస్ట్ సోల్ గురించి కూడా అందరికీ చెప్పు. ఒకరిని ఫ్రాస్ట్‌మోర్న్ కత్తి లోపలికి లాగేస్తాడు. లోపల టెరెనాస్ రాజు ఆత్మ స్పిరిట్ వార్డెన్‌తో పోరాడుతుంటుంది. లోపలికి వెళ్ళినవాళ్ళు వార్డెన్‌ని చంపాలి, సోల్ రిప్ కాస్ట్‌ని ఆపాలి. హీలర్ వెళ్తే టెరెనాస్‌ని నిండుగా హీల్ చేయాలి, ఆయన ఆరోగ్యం ఎంత ఉంటే దెబ్బ అంత గట్టిగా ఉంటుంది. ఏ ఇంటరప్ట్ (కాస్ట్‌ని మధ్యలో ఆపేది) ఏ బటన్ మీద ఉందో ఇప్పుడే చూసుకోండి, అక్కడికి వెళ్ళాక వెతకడానికి సమయం ఉండదు.


మంచుదారి | 31 డిసెంబర్, తెల్లవారుజామున 3:20

పడిపోయాడు.

ఐదో పుల్. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అందరి పేర్ల పక్కన కింగ్‌స్లేయర్ అనే బిరుదు ఉంది. మిగతాది వేటగాడు రాస్తాడు, ఆ పుల్ అతనిది.


గోదారి_వేటగాడు | 31 డిసెంబర్, తెల్లవారుజామున 3:55

14 శాతం దగ్గర నన్ను కత్తిలోకి లాగాడు. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వాయిస్‌లో ఓరుగల్లు అన్న "అంకెలు" అంటున్నాడు, నా అంకె అక్కడ లేదు. ఎదురుగా టెరెనాస్. అమీర్‌పేటలో ఇంజనీరింగ్ కోచింగ్ రోజుల్లో నెట్ సెంటర్‌లో వార్‌క్రాఫ్ట్ 3 ఆడేవాడిని. ఆర్థస్, అంటే తర్వాత ఈ లిచ్ కింగ్ అయినవాడు, సింహాసనం ముందు మోకరిల్లి, లేచి, సొంత తండ్రిని ఆ కత్తితోనే పొడిచే ఘట్టం అప్పట్లో చాలాసార్లు చూశాను. ఆ తండ్రే ఇప్పుడు నా పక్కన నిలబడి పోరాడుతున్నాడు.

వార్డెన్ సోల్ రిప్ మొదలుపెట్టాడు. సైలెన్సింగ్ షాట్ వేశాను, తగిలింది. పింగ్ 178. వాడు పడ్డాడు, నేను తిరిగి వేదిక మీదికి వచ్చాను. వచ్చిన వెంటనే "వేటగాడు" అని నా పేరు వినిపించింది. డిఫైల్ నా మీదే! ఎక్కడ నిలబడ్డానో కూడా చూసుకోలేదు, సింహాసనానికి వీపు పెట్టి 6 వైపు నడిచాను. మడుగు ఖాళీ నేల మీద పడింది. ఎవరికీ తగల్లేదు.

10 శాతం దగ్గర అందరినీ ఒక్క దెబ్బకు చంపేశాడు. అది కథలో భాగమని తెలిసినా గుండె ఆగినంత పనైంది. అంతదాకా మంచులో బందీగా ఉన్న మా వైపు వీరుడు టిరియన్ ఆ మంచు బద్దలు కొట్టుకుని వచ్చి ఆ కత్తిని విరగ్గొట్టాడు. టెరెనాస్ మమ్మల్నందరినీ లేపాడు. లేచాక ఎవరం ఏమీ మాట్లాడలేదు, అందరం కొట్టాం.

మేడ మీద నుంచి నా అరుపు విని నాన్నగారు లైటు వేసుకుని పైకి వచ్చారు.


పాతకాపు | 31 డిసెంబర్, ఉదయం 10:30

వేటగాడూ, నిన్ను పక్కన పెట్టమని ఇక్కడే రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేం 2010లో పక్కన పెట్టిన కుర్రాడు ఆ తర్వాత మళ్ళీ మాతో ఆడలేదు. మంచుదారి చేసిందే సరైన పని. జట్టు మొత్తానికి అభినందనలు.


కొత్తగొంతు | 2 జనవరి 2024, సాయంత్రం 5:10

అందరికీ అభినందనలు! చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఒక్క ప్రశ్న మిగిలింది. మా ఇద్దరు హీలర్లూ డ్రూయిడ్లే. వాళ్ళకి ప్లేగ్ తీసే స్పెల్ కనిపించడం లేదు. నేనే సరిగ్గా వెతకలేదా?


నిశిరాత్రి | 2 జనవరి, రాత్రి 8:00

లేదమ్మా, సరిగ్గానే వెతికావు. డ్రూయిడ్లు శాపం, విషం తీయగలరు, రోగం తీయలేరు. పాలడిన్, ప్రీస్ట్, షామన్‌లలో ఒకరు ఉండాలి. హీలరే కానక్కర్లేదు. రిట్రిబ్యూషన్ పాలడిన్ అయినా క్లెన్స్ వేయగలడు. కానీ బాస్‌ని కొట్టడం ఆపి చూడాలి, ఆ సంగతి ముందే ఒప్పించు.


కొత్తగొంతు | 4 జనవరి, రాత్రి 10:45

రిట్ పాలడిన్ దొరికాడు అక్కా, మా పిన్ని కొడుకే, విశాఖలో ఉంటాడు. ప్రొజెక్టెడ్ టెక్స్చర్స్ పది మందీ చూసుకున్నాం, ముగ్గురికి ఆఫ్‌లో ఉంది. రేపు రాత్రి మొదటి పుల్.